పదకొండు నిమిషాల వంతెన

ఆ సినిమా ఎలా ఉందని అడిగిన ప్రతివాడికీ ఒకటే చెప్పాను. మొదటి సగం బాగుంది, రెండో సగం చెత్త. ఇంకా అడిగితే, అందులో మా వంతెన పదకొండు నిమిషాలు ఉందని చెప్పాను. అక్కడితో అడగడం ఆపేసేవాళ్ళు. నేను వంతెన గురించి మొదలుపెడితే ఆపనని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

మాది ఏటిమొండిలంక. గోదావరి మధ్యలో నాలుగువందల గడప. మాకూ అవతలి గట్టుకీ మధ్య ఒక పాయ ఉంది. వేసవిలో ఇసకలో నడిచి దాటెయ్యొచ్చు, ట్రాక్టరు కూడా పోతుంది. జూలైలో ఎర్రనీరు దిగిందంటే నూకరాజు నాటుపడవే దిక్కు. వరద పెరిగితే అదీ ఉండదు, అధికారులే ఆపించేస్తారు. గట్టెక్కితే కొత్తపేటకి ఆటో, అక్కణ్ణించి అమలాపురానికి బస్సు. అంటే లోకంలో అన్నీ ఉన్నాయి, మాకు లేనిది మూడువందల గజాల దారి. దానికోసం మా నాన్న అర్జీలు పెట్టి పోయాడు. తరవాత నేను పెట్టాను.

వంతెన సాధన కమిటీకి వరప్రసాదం మాస్టారు అధ్యక్షులు. సాలమోను అనే నేను కార్యదర్శిని. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి తాపీపని పట్టినవాణ్ణి. అర్జీ రాయడం నా పని, చదివి సంతకం పెట్టడం ఆయన పని.

మాస్టారికి రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు అమలాపురంలో డయాలసిస్. ఒకటి తప్పితే కాళ్ళు వాస్తాయి. రెండు తప్పితే ఊపిరి అందదు. ఒక ఆగస్టులో నాలుగు రోజులు పడవ ఆపేస్తే, ఐదోరోజు ఆయన్ని మంచంతో సహా మోసుకుని దాటించాం. డాక్టరు ఆయన్నేమీ అనలేదు. నావైపు తిరిగి, "ఇంకోసారి ఇలా తీసుకొస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదండీ" అన్నాడు.

అందుకే ఆ వచ్చిన జనవరిలో అవతలి గట్టు రేవులో టెంటు వేసి రిలే నిరాహారదీక్ష మొదలుపెట్టాం. మొదట మా పేటవాళ్ళమే కూచున్నాం. పన్నెండోరోజుకి రైతుల వీధి వాళ్ళు కూడా వచ్చి కూచున్నారు. ప్రేమతో కాదు, వాళ్ళ అరటిగెలలు కూడా పడవ కోసం కాచుకుని మగ్గిపోతున్నాయి కాబట్టి. ఏమైతేనేం, వచ్చారు. పంతొమ్మిదోరోజు అధికారులు దిగొచ్చారు. మా అర్జీకి నంబరు పడింది, అంచనాలు వేయమని ఫైలు అమలాపురం వెళ్ళింది. ముప్పై ఏళ్ళలో ఫైలు అంతదూరం వెళ్ళడం అదే మొదలు. వంతెన శాంక్షనైందన్న కాగితం చేతికిచ్చేదాకా టెంటు తీసేది లేదన్నాం.

ఇరవయ్యొకటోరోజు శ్యామ్ సుందర్ వచ్చాడు. సినిమా కంపెనీ మేనేజరు. తెల్ల కారులోంచి దిగి, టెంటు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నా దగ్గరకొచ్చి నమస్కారం పెట్టాడు.

"మీ టెంటు ఫ్రేములో పడుతోందండీ," అన్నాడు.

"పడాలనే వేశామండీ," అన్నాను.

నవ్వేశాడు. నవ్వి కింద చాపమీద కూచుని విషయం చెప్పాడు. 'ఉరుము' అని ఒక సూపర్‌హీరో ఉన్నాడు, మూడు సినిమాలు ఆడాయి. 'ఇనుపరెక్క' అని ఇంకొకడున్నాడు, వాడివి రెండు. ఇద్దరివీ వేరు వేరు కథలు, వేరు వేరు కంపెనీలు. ఇప్పుడు ఇద్దర్నీ కలిపి ఒకే సినిమా తీస్తున్నారు, దేశంలో ఇంతవరకూ ఎవడూ తియ్యనంత పెద్దది. వాళ్ళిద్దరూ మొదటిసారి ఎదురుపడే చోటు ఒక వంతెన. కింద వరద. వంతెన కూలిపోతుంటే చెరో పక్కా పట్టుకుంటారు. ఆ వంతెన మా పాయమీద కడతారట.

వినగానే చాపమీది జనం కదిలారు. నాకు తెలుసు ఎందుకో. మా పేట కుర్రాళ్ళంతా ఉరుము అభిమానులు, వాళ్ళ సంఘానికి రవికుమార్ నాయకుడు. రైతుల వీధి ఇనుపరెక్కది, అక్కడ వెంకటసాయి. ఫ్లెక్సీల దగ్గర తలలు పగలగొట్టుకున్న సంఘాలు ఇవి. ఆ క్షణాన ఇద్దరూ ఒకేలా నోరు తెరిచి కూచున్నారు.

మాస్టారు అడిగారు. "కూలిపోయే వంతెన గదండీ, దానివల్ల మాకేంటి?"

"కూలేది కంప్యూటర్లోనండీ మాస్టారూ. ఇక్కడ గట్టిగానే కడతాం. ఇనప పైపులు, పైన చెక్క, ఆపైన సిమెంటులా కనపడే ఫైబరు. జీపులు పోవాలి, రెండువందలమంది పరిగెత్తాలి. గట్టిగా లేకపోతే మా హీరోల్ని ఎక్కిస్తామా అండీ."

"షూటింగ్ అయిపోయాక?"

"మీకే వదిలేస్తామండీ. తీసుకెళ్ళి మేమేం చేసుకుంటాం."

అందరూ నావైపు చూశారు. శాంక్షను కాగితం ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చాక టెండరు, ఆ తరవాత కాంట్రాక్టరు, ఎంత తొందరపడినా మూడేళ్ళు. ఎర్రనీరు మాత్రం ఐదు నెలల్లో వస్తుంది. మాస్టారి పాదాలు చూశాను. టెంటు తీసేద్దామన్నాను. ఈ మాట ఇంకెవరిమీదా పెట్టను. నేనే అన్నాను.

కాకపోతే కాగితం రాయాల్సిందే అన్నాను. మా లంకవాళ్ళకి కాగితమంటే ప్రాణం. ఎవరింట్లో ట్రంకుపెట్టె తెరిచినా బట్టలకంటే కాగితాలే ఎక్కువుంటాయి. నేల ఏటేటా కోసుకుపోతుంది, నిన్నటి కొబ్బరిచెట్టు ఇవాళ గోదాట్లో ఉంటుంది. ఇక్కడ మా తాతకి నేలుండేదని చెప్పేది కాగితం ఒక్కటే. నోటిమాటకి లంకలో ఎవడూ లొంగడు, ముద్రపడ్డ కాగితానికి అందరూ లొంగుతారు. అందుకని పంచాయతీ తీర్మానం నేనే రాశాను. ఆఫీసుల్లో చెల్లే భాషలో, అప్పుడే కట్టేసినట్టు రాశాను: "గ్రామస్థుల చిరకాల కోరిక మేరకు పాయపై వంతెన నిర్మించి గ్రామానికి అప్పగించడమైనది. గ్రామస్థులు సంతృప్తి వ్యక్తం చేసినారు."

మాస్టారింటికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"సినిమా కోసం అని ఎక్కడా రాయలేదేంటి సాలమోనూ?"

"రాస్తే షూటింగ్ అయ్యాక తీసుకుపోతారండీ. రాయకపోతే శాశ్వతంగా మనదే అవుతుంది."

లోపల భార్య కాంతమ్మగారు గిన్నెలు సర్దుతున్నారు. ఆయన సంతకం పెట్టారు, కింద నేను పెట్టాను. శ్యామ్ సుందర్ చదవకుండానే పెట్టాడు. పంచాయతీ ముద్ర పడింది. తెలివైన పని చేశానని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చిలో వంతెన లేచింది. చెబితే నమ్మరు, అసలుదానికంటే అందంగా ఉంది. ప్రారంభించేరోజు రిబ్బను కట్టారు. ఇద్దరు హీరోలూ సినిమాలో వేసుకునే రబ్బరు బట్టల్లోనే వచ్చి చెరో కత్తెరా పట్టుకున్నారు. ఎవరు ముందు కత్తిరించాలని తగువొస్తుందని మధ్యలో రెండు రిబ్బన్లు కట్టారు. మా గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు అనిత అని ఉంది, ఉప్పలగుప్తం అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ అమ్మాయి ఫోనుతో ఫోటో తీసింది. తేదీ, టైము, స్థలం అన్నీ కింద పడే ఫోటో.

రెండు నెలలు షూటింగ్ చేశారు. మమ్మల్ని నీళ్ళతో తడిపి పరిగెత్తించారు. ఒక రోజు ఉత్తరం నించి దక్షిణానికి, ఇంకోరోజు దక్షిణం నించి ఉత్తరానికి. ఒకే మనిషి రెండువైపులా ఎలా పారిపోతాడని డైరెక్టర్ని అడిగాను. "అది మల్టీవర్సండీ, రెండు లోకాల కథ," అన్నాడు. ముఖంమీద నీళ్ళు కొట్టించుకుంటూ ఉరుమువాళ్ళూ రెక్కవాళ్ళూ ఒకే అరిటాకులో తిన్నారు. అది మాత్రం నిజం, కాదనను.

ఇంకొకటి కూడా కాదనను. ఆ రెండునెలలూ మాస్టారు ఇసకలో కాలు పెట్టకుండా అమలాపురం వెళ్ళొచ్చారు. ఆటో ఆయన గుమ్మంలోకి వచ్చేది. వంతెన మధ్యలో ఆపించి కిందకి చూసేవారు. "ఏం చూస్తున్నారండీ?" అంటే, "దాటుతున్నానో లేదో చూసుకుంటున్నాను. పిల్లలు జవాబు సరిచూసుకోరూ, అలాగ" అనేవారు.

మే నెలలో ఒక బుధవారం డయాలసిస్ అయ్యాక ఆటోలో తీసుకొస్తున్నాను. గట్టుమీద డ్రైవరు ఆటో ఆపేశాడు. వంతెన సగమే ఉంది.

లారీలున్నాయి. పైపులు విప్పి ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తున్నది బయటివాళ్ళు కాదు, మావాళ్ళే. ఒక లారీకి వెంకటసాయి మనుషులు, ఒక లారీకి రవికుమార్ మనుషులు. నేను దిగి పరిగెత్తాను.

"ఎవడు విప్పమన్నాడ్రా?"

"హైదరాబాద్‌లో మళ్ళీ తీస్తారంటండీ," అన్నాడు వెంకటసాయి చెమట తుడుచుకుంటూ. "సినిమా మొత్తంమీద మా ఇనుపరెక్క నలభై నిమిషాలే ఉన్నాడంట. అన్యాయం కదండీ. ఇదే వంతెన మీద ఇంకో ఫైటు కలుపుతారంట."

"వాడి రెక్కకి తుప్పు పట్టింది, అందుకే తగ్గించేరండీ," అన్నాడు రవికుమార్ అవతల లారీమీంచి. "కలిపేది మా ఉరుముకి. ఆయ్, మేనేజరుగారే చెప్పేరు."

ఇద్దరికీ చెరో మాట చెప్పాడన్నమాట. ఎవడి హీరో కోసం వాడు ఊరి వంతెనని భుజాలమీద మోసి లారీ ఎక్కించాడు. నేను కాగితం తీసి చూపించాను. లారీవాడికి తెలుగు రాదు. శ్యామ్ సుందర్‌కి ఫోను చేస్తే ఎత్తాడు. "ఇరవై రోజులండీ సాలమోనుగారూ. పైపులు అద్దెవి. ప్యాచ్‌వర్క్ అవగానే ఇంకా గట్టివి పంపిస్తాం," అన్నాడు. ఆ ఫోను మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారు ఆటో దిగి, లుంగీ ఎగ్గట్టి, ఇసకలో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

జూన్‌లో అమలాపురం ఆఫీసుకి వెళ్ళాను. శాంక్షను ఏమైందని అడగడానికి. అక్కడ సూపరింటెండెంటు నరసింహమూర్తిగారు. చెడ్డమనిషి కాదు, కూచోమని కుర్చీ చూపిస్తాడు. కంప్యూటర్లో నంబరు కొట్టి, తెర నావైపు తిప్పాడు.

"మీది అయిపోయిందండీ. పరిష్కరించబడినది అని ఉంది."

"ఏం పరిష్కరించారండీ?"

"వంతెన కట్టేరు గదండీ." కింద ఒకటి నొక్కాడు. అనిత తీసిన ఫోటో వచ్చింది. రబ్బరు బట్టల్లో ఇద్దరు, రెండు రిబ్బన్లు, వెనక వంతెన, కింద తేదీ, స్థలం. ఇంకోటి నొక్కాడు. నా తీర్మానం వచ్చింది.

"ఇది సినిమా సెట్టండీ," అన్నాను.

"కాగితంలో సినిమా అని లేదండీ. గ్రామానికి అప్పగించారని ఉంది. గ్రామస్థులు సంతృప్తి అని కూడా ఉంది. ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"మరి?"

ఊరికొచ్చి అనితని పట్టుకున్నాను. ఏడ్చింది. "నెలాఖరుకి పెండింగ్ ఉండకూడదని పైనించి ఒకటే ఫోన్లండీ. మీ కాగితం చూశాను, ముద్ర ఉంది. ఫోటో ఉంది. అప్‌లోడ్ చేసేశాను," అంది. ఆ పిల్లని ఏమనను. కాగితం నమ్మిందంటే నా దగ్గర నేర్చుకున్నదే.

కొత్త అర్జీ పెడితే పాతదాంట్లో కలిపేశారు. కట్టి ఐదేళ్ళు కాకుండా అదే చోట ఇంకో వంతెన ఇవ్వకూడదట. కొట్టుకుపోయిందంటే వరదనష్టం కింద రాయాలి, వరద రాలేదు. విప్పుకుపోయారంటే పోలీసు కేసు పెట్టాలి, విప్పింది మావాళ్ళే. చివరికి నరసింహమూర్తిగారే ఒక దారి చెప్పాడు. "అది సెట్టే అని సినిమావాళ్ళ దగ్గరనించి ఏదన్నా ఆధారం తెండి. మీ అసిస్టెంటు కళ్ళారా చూసి రిపోర్టు రాస్తే నేను పైకి పంపిస్తాను."

కంపెనీకి రిజిస్టరు పోస్టులు తొమ్మిది పంపాను. జవాబు లేదు. ఆ ఏడు వరద తక్కువ, ఎలాగో బతికిపోయాం. ఇంక మిగిలింది సినిమాయే. అందులో వంతెన కూలిపోతుంది. ఆఖర్న పేర్లలో వంతెన సెట్టు వేసినవాడి పేరు ఉంటుంది. అది చూసి రిపోర్టు రాస్తానని అనిత ఒప్పుకుంది. రూల్సు ప్రకారం అది తనిఖీయే అట, టిక్కెట్టు జతచేస్తే సరిపోతుందట.

మళ్ళీ జూలై వచ్చింది, సినిమా వచ్చింది. మొదటిరోజు అమలాపురంలో పొద్దున్న ఆటకి వెళ్ళాం. నేను, అనిత, మాస్టారు. ఆయన్ని వద్దన్నాను. "మన వంతెన కూలడం నేను చూడకపోతే ఎలా," అన్నారు. బుధవారం, ఆట అవగానే ఆసుపత్రికి వెళ్ళాలి.

హాలు బయట రెండు పాలడబ్బాలు, రెండు కటౌట్లు, మధ్యలో పోలీసులు. లోపల కాగితపు ముక్కలు మోకాలి లోతు. వెంకటసాయి గుంపు ఎడంపక్క, రవికుమార్ గుంపు కుడిపక్క. చేతివాచీలు చూసుకుంటూ ఎవడి హీరో ఎన్ని నిమిషాలున్నాడో పుస్తకంలో రాసుకుంటున్నారు.

మొదటి సగం, చెప్పానుగా, బాగుంది. ఉరుము ఒక మెకానిక్కు, ఇనుపరెక్క ఒక జైలు వార్డెను. ఇద్దరి కష్టాలూ నమ్మేట్టున్నాయి. బాగా తియ్యాలన్న ఆశ కనపడుతుంది, ఎవడో ఒకడు నిజంగా ప్రాణం పెట్టాడు. ఇంటర్వెల్ తరవాత ఏమైందో దేవుడికే తెలియాలి. ముగ్గురు విలన్లు వచ్చారు, ఒక తల్లి వచ్చింది, ఆ తల్లి ఇద్దరికీ తల్లేనట. చనిపోయినవాడు ఇంకో లోకంలోంచి తిరిగొచ్చాడు. ఒక హీరో గుద్దితే రెండోవాడు కూడా గుద్దాలి, ఒకడు ఏడిస్తే రెండోవాడూ ఏడవాలి. తూకం వేసి తీశారు.

అప్పుడు వంతెన వచ్చింది. అనిత పెన్ను తీసింది.

నేను గుర్తుపట్టలేదు. పాయ సముద్రమైంది. కొబ్బరిచెట్లన్నీ చెరిపేసి అద్దాల మేడలు పెట్టారు. పరిగెత్తే జనంలో మా ముఖాలు లేవు, మా ఒళ్ళమీద వేరే ముఖాలున్నాయి. వంతెన ఒక్కటే మాది. అది వంగింది, పగుళ్ళిచ్చింది. కూలు, కూలు అని నేను కుర్చీ చేతులు పట్టుకుని కూచున్నాను. ఉరుము ఒకపక్క పట్టుకున్నాడు, ఇనుపరెక్క రెండోపక్క పట్టుకున్నాడు. ఇద్దరి చేతుల్లోంచి బంగారు వెలుగు వచ్చింది. పగుళ్ళు అతుక్కుపోయాయి. ఎవడి పక్క కూలినా వాడి అభిమానులు ఊరుకోరని మార్చేశారట, తరవాత తెలిసింది. వంతెన నిలబడింది. హీరోయిను కళ్ళనీళ్ళతో, "ఇది ఇంక వెయ్యేళ్ళయినా చెక్కుచెదరదు" అంది.

హాలంతా లేచి ఈలలేసింది. అందరికంటే గట్టిగా వేసింది మా లంకవాళ్ళు, రెండుపక్కలా.

అనిత పెన్ను మూసేసింది. "కూలలేదు కదండీ. నేనేం రాయను?"

"పేర్లు చూద్దాం, ఆగమ్మా."

సినిమా అయిపోయింది. మూడు పేర్లు పడ్డాయో లేదో లైట్లు వేసి తెర ఆపేశారు. పరిగెత్తి పైకెళ్ళాను. ఆపరేటరు నన్ను ఎగాదిగా చూశాడు. "పేర్లు ఎవరు చూస్తారండీ? పన్నెండు నిమిషాలున్నాయి. కింద రెండో ఆటకి జనం గేటు విరగ్గొడుతున్నారు."

"అందులో ఒక పేరు నాకు కావాలండీ."

"మీ పేరా?"

"కాదు."

"మరింకెందుకండీ?" అన్నాడు.

ఆసుపత్రికి వెళ్తూ ఆటోలో మాస్టారు అన్నారు, "మొదటి సగం కట్టినవాడు వేరు, రెండో సగం కట్టినవాడు వేరు. పునాది ఒకడిది, స్లాబ్ ఒకడిది. నువ్వు తాపీవాడివి, నీకు తెలియదా." నేను నవ్వలేదు. ఆయన నవ్వారు.

సినిమాకి టాకు తేడాగా వచ్చింది. నాలుగోరోజుకి జనం పల్చబడ్డారు. సాగుతోందని ఇరవై రెండు నిమిషాలు కత్తిరించారు. వంతెన సీను మొత్తం అందులోనే పోయింది. వెంకటసాయీ రవికుమారూ కలిసొచ్చి నాకీ సంగతి చెప్పారు, ఇద్దరి హీరోలకీ సమానంగా అన్యాయం జరిగిందని. పాయమీద వంతెన లేదు. సినిమాలో కూడా లేదు. అమలాపురం ఆఫీసులో మాత్రం ఉంది.

ఆ తరవాతి మంగళవారం గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర అడుగులు రేడియోలో చెబుతుండగానే మా రేవు మెట్లు మునిగాయి. పడవలు ఆపేశారు. బుధవారం మాస్టారి డయాలసిస్ తప్పింది. గురువారం కాళ్ళు వాచాయి. వరద రోజుల్లో దారిలేని లంకలకి ప్రభుత్వం ఇంజను బోట్లు పంపుతుంది. చుట్టుపక్కల లంకలకి వెళ్తున్నాయి, మాకు కనిపిస్తున్నాయి, మావైపు తిరగడం లేదు. కంట్రోలు రూముకి ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఏ ఊరండీ?"

"ఏటిమొండిలంక. డయాలసిస్ మనిషున్నారు. బోటు కావాలి."

కీబోర్డు చప్పుడు వినిపించింది. "మీ ఊరు దిగ్బంధం లిస్టులో లేదండీ. మీకు బ్రిడ్జి ఉంది."

"లేదండీ."

"సిస్టంలో ఉందండీ. ఫోటో కూడా ఉంది."

"ఆ ఫోటో మీంచి మనిషిని దాటించమంటారా?"

"నామీద కోప్పడకండి. పైకి చెప్తాను."

ఆ అమ్మాయి పైకి చెప్పే ఉంటుంది. నేను ఆ రెండురోజుల్లో నలభైసార్లు ఫోను చేశాను. అనిత నడుముల్లోతు నీళ్ళలో సచివాలయానికి వెళ్ళి, వంతెన లేదని తన ఫోనుతో ఫోటో తీసి పంపింది. నీళ్ళ ఫోటో. వంతెన మునిగినట్టుంది, నీరు తీశాక చూస్తామని జవాబు వచ్చింది. శుక్రవారం కూడా తప్పింది. ఆ సాయంత్రం మాస్టారు మంచంమీద కూచునే ఊపిరి తీస్తున్నారు. పడుకోలేకపోతున్నారు.

శనివారం పొద్దున్న నూకరాజు వచ్చాడు. "పడవ నాది, కేసు కూడా నాదేనండీ. ఎక్కించండి," అన్నాడు. వెంకటసాయి, రవికుమార్ తెడ్లు పట్టారు. ఆ ప్రవాహంలో గంటన్నర పట్టింది, మూడువందల గజాలు అరకిలోమీటరైంది. కాంతమ్మగారు ఆయన్ని భుజానికి ఆనించి పట్టుకుని కూచున్నారు. నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, ఏం మాట్లాడానో గుర్తులేదు.

పదకొండింటికి ఆసుపత్రి చేరాం. డాక్టరు నన్నొకసారి చూసి నర్సుని పిలిచాడు. మెషీను తగిలించారు. మధ్యాహ్నం మూడింటికి, గొట్టం చేతికి ఉండగానే, మాస్టారు పోయారు. ఆసుపత్రి కాగితంలో కిడ్నీల వైఫల్యం, గుండె ఆగడం అని రాశారు. వంతెన అని రాయలేదు. లంకలో మా సమాధుల తోట నీళ్ళలో ఉంది కాబట్టి అమలాపురంలోనే పాతిపెట్టాం.

వరద తీశాక నరసింహమూర్తిగారి దగ్గరకి వెళ్ళాను. కుర్చీ చూపించాడు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"చెప్పకూడదు గానీ ఇప్పుడొక దారి ఉందండీ. వంతెన లేకపోవడం వల్ల ప్రాణనష్టం జరిగిందని కుటుంబసభ్యుల సంతకంతో అర్జీ ఇవ్వండి. ప్రాణనష్టం ఉంటే మూసేసిన ఫైలు తెరవాల్సిందే. రూలు."

అక్కడే బెంచీమీద కూచుని రాశాను. ఈసారి ఏ మాటా దాచలేదు. సెట్టు అని రాశాను, సినిమా అని రాశాను, లారీలు, బోటు, నలభై ఫోన్లు, అన్నీ రాశాను. నా తప్పు కూడా రాశాను. కాంతమ్మగారు అమలాపురంలోనే చెల్లెలింట్లో ఉన్నారు. అర్జీ అక్కడికి తీసుకెళ్ళాను.

"చదువు," అన్నారు.

చదివాను. మధ్యలో ఆపలేదు. అయ్యాక ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"ఆ పాత కాగితం కూడా ఇలాగే రాసేవు. నువ్వు రాస్తే బాగుంటుంది."

"అమ్మగారూ, ఇక్కడ మీ సంతకం పెడితే ఫైలు తెరుస్తారండీ."

"ఆయన అడిగేరు నిన్ను. సినిమా కోసం అని ఎందుకు రాయలేదని. నేను లోపల్నించి విన్నాను. నువ్వేదో చెప్పేవు, ఆయన ఒప్పుకున్నారు. లెక్కల మాస్టారు. ఎవరేం చెప్పినా ఇంకోసారి వేసి చూసుకునే మనిషి, నీమాట దగ్గర మాత్రం చూసుకోలేదు."

"నా తప్పేనండీ. అందులో రాశాను చూడండి."

"విన్నాను. దాన్నీ బాగానే రాసేవు."

నేను వాదించాను. నాకు వచ్చిందదే. నాలుగువందల గడప అన్నాను. మళ్ళీ జూలై వస్తుందన్నాను. ఇంకెవరికీ ఇలా జరక్కూడదని మాస్టారు ఉంటే సంతకం పెట్టేవారన్నాను. ఆ ఆఖరిమాట అనకుండా ఉండాల్సింది.

ఆవిడ కాగితాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, నా చేతిలో పెట్టారు.

"నువ్వు చెడ్డవాడివని నేననను సాలమోనూ. ఆయన్ని మంచంతో మోసేవు, పడవలో మోసేవు. కానీ ఆయన పేరు ఇంక నీ కాగితాల్లో వద్దు. మళ్ళీ లంకలో ఎవరో ఒకరు పోతారు కదా, అప్పుడు వాళ్ళింటికెళ్ళి అడుగు."

ఆయ్ అన్నాను, సరేనన్నట్టు. అలవాటుకొద్దీ వచ్చింది నోట్లోంచి. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకున్నారు, గడియ పెట్టలేదు. నేను వీధిలోకొచ్చి కొత్తపేట బస్సెక్కాను. కూచోడానికి సీట్లున్నాయి, దారిలో రాజవరం దాటేదాకా నిలబడే ఉన్నాను.